నిధియు, వీరుల మరణమును

తెలుగునాట ఊళ్ళకు దూరముగా, తుమ్మచెట్ల నడుమ, పూజలుడిగిన శివాలయములు అనేకములు కలవు. అట్టివానిలో కొన్నింటికి పోయి చూచినచో మండపమున నంది యుండవలసిన చోట గుంట కనబడును. నంది ప్రక్కకు దొరలియుండును. కొన్ని చోట్ల దాని పొట్ట సుత్తిదెబ్బలకు పగిలియుండును. పానవట్టమును పెకలించి లింగమును అవతల పారవైచిన తావులును లేకపోలేదు. ఇది ఏనాటి దండయాత్రల ఫలమో యని ఊహింప నక్కరలేదు. విరిగిన చోట రాయి తెల్లగా, క్రొత్తగా మెరయుచుండును. నంది కడుపులో వజ్రమున్నదనియు, లింగము క్రింద లంకెబిందెలున్నవనియు నమ్మి, అమావాస్యనాడు గడ్డపారలతో వచ్చినవారు చేసిన పని యిది. భూమిలో దొరకిన నిధి విలువ పది రూపాయలకు మించినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878లోనే చట్టము చేయబడినది. కాని రాత్రివేళ త్రవ్వువానికి చట్టముకంటె పాము భయమే యెక్కువ. ధనమును పాతిపెట్టి, తాను తినక, పరులకు పెట్టక చచ్చినవాడు పామై పుట్టి ఆ బిందెలను చుట్టుకొని పడియుండునని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి గదా.

ఈ నమ్మకమును పల్లెవారి మూఢత్వమని త్రోసివేయుట సులభము. అయినను మన దేశమునకు వేలమైళ్ళ దూరమున, మంచు కురియు ఐస్లాండు ద్వీపమున, మనవారి పేరైన వినని జనులు ఇదే మాటను తమ వీరగాథకు పునాదిగా వేసికొనిరి. 13వ శతాబ్దమున వ్రాయబడిన వోల్సుంగుల గాథలో బంగారముపై పరుండిన మనుష్యుడు సర్పమగును. ఆ సర్పమును చంపిన వీరుడును బ్రతుకడు. నిధికిని వీరుల చావునకును గల యీ సంబంధము ఎట్టిది? శాపమా, విధియా, లేక మనుష్యుని బుద్ధియా? ఇతిహాసములు చదువువారు ఒకచో ఆగి విచారింపవలసిన ప్రశ్న యిది. దానికి ఆ ఉత్తరదేశపు కథ మొదలునుండి తెలియవలెను.

హ్రైద్మారు అను గృహస్థునకు ముగ్గురు కొడుకులు. ఫాఫ్నిరు, ఒత్రు, రేగిను అని వారి పేర్లు. ఒత్రు పగటివేళ నీటికుక్క రూపము దాల్చి జలపాతమున చేపలు పట్టుచుండెడివాడు. ఒకనాడు ఓడిను, లోకి, హేనిరు అను మువ్వురు దేవతలు ఆ దారిని వచ్చిరి. ఒడ్డున చేపను తినుచున్న నీటికుక్కను లోకి రాతితో కొట్టి చంపి చర్మమొలిచెను. ఆ రాత్రి వారు బస చేసినది ఆ తండ్రి యింటనే. చర్మమును చూచినంతనే తండ్రి తన కొడుకును గుర్తించెను. హత్యకు ధనము చెల్లించినచో పగ తీరుట ఆ దేశాచారము. కొడుకు చర్మమును లోపల బంగారముతో నింపవలెననియు, వెలుపల వెంట్రుకయైన కనబడకుండ బంగారముతో కప్పవలెననియు తండ్రి పట్టుబట్టెను. లోకి పోయి, చేపరూపమున నీటిలో దాగియున్న ఆంద్వారి అను మరుగుజ్జును పట్టి, వాని బంగారమంతయు లాగికొనెను. వ్రేలి యుంగరమును గూడ విడువలేదు. అది ఎవని చేత పడునో వానికి మృత్యువగుగాకయని మరుగుజ్జు శపించెను. చర్మము నిండినది. పైన కుప్ప పోసిరి. తండ్రి దగ్గరకు వచ్చి వంగి చూచి, మీసపు వెంట్రుక ఒకటి ఇంకను పైకి కనబడుచున్నదని వ్రేలితో చూపెను. ఓడిను శాపగ్రస్తమైన యుంగరమును తీసి దానిపై నుంచెను.

కథలో ఆంద్వారి శాపమునే అందరును చెప్పుకొందురు. కాని ఆ ఒక్క వెంట్రుక దగ్గర నిలిచి చూడవలెను. చచ్చినవాడు కన్నకొడుకు. ఎదుట నున్నది వాని చర్మము. దానిపై తండ్రి వెదకుచున్నది కొడుకు ఆనవాలు కాదు. బంగారము కప్పని చోటు. ఇంతకంటె వేరు శాపమేల? మనుష్యునకు బదులు బంగారమును పుచ్చుకొని, అది సరిగా తూగినదా లేదా యని చూచిన క్షణముననే ఆ యింటిలో మనుష్యుల వెల నిర్ణయమైపోయినది. కొడుకు వెల తండ్రి కట్టినాడు. తండ్రి వెలను మిగిలిన కొడుకు కట్టినాడు. ఫాఫ్నిరు తండ్రిని చంపి, తమ్ముని తరిమి, బంగారమును అడవికి మోసికొనిపోయి దానిపై పరుండెను. పరుండి పరుండి మహాసర్పమైపోయెను.

భాగము దొరకని రేగిను కమ్మరియై కాలము గడపుచు, సిగుర్దు అను అనాథరాజపుత్రుని పెంచెను. వానికి విరిగిన తండ్రి కత్తిని అతికి క్రొత్తకత్తి చేసియిచ్చి, పామును చంపుమని ప్రేరేపించెను. పాము నీటికి దిగు త్రోవలో గుంట త్రవ్వి, అందు కూర్చుండి, సిగుర్దు దాని గుండెలో క్రిందినుండి పొడిచెను. చచ్చుచున్న పాము, ఈ బంగారము నీకును చావు తెచ్చును సుమా యని హెచ్చరించెను. అందుకు సిగుర్దు, చావు ఎవరికైనను తప్పునదా, అంతవరకు ధనమును చేతిలో నుంచుకొన నొల్లనివాడెవడు అన్న భావమున బదులు చెప్పెను. మాట వీరునకు తగినదే. కాని ధనమును గూర్చి అడిగినదానికి అది సమాధానము కాదు. చావును గూర్చిన సమాధానము. వీరునకు చావు భయము లేదు. ఆ నిర్భయమే నిధి కావలసినవారికందరకును ఉపకరణమైనది. పెంపుడుతండ్రి రేగిను కూడ తనను చంపదలచినాడని పక్షుల మాటలవలన తెలిసికొని, సిగుర్దు వానిని నరికి, నిధిని గుఱ్ఱముపై నెత్తుకొని బయలుదేరెను.

తరువాతి కథ పొడుగు. మందుపానీయము త్రాగి ప్రియురాలైన బ్రున్‌హిల్డును మరచుట, గుద్రూనును పెండ్లాడుట, మారురూపమున బావమరదికై బ్రున్‌హిల్డునే గెలిచి తెచ్చుట, ఆ మోసము బయటపడుట, నిద్రించుచున్న సిగుర్దును మరదుల పన్నాగమున పాన్పుపై పొడుచుట - ఇవన్నియు జరిగెను. మోసమును బయటపెట్టినది వాదులో ఒకరి వ్రేలినుండి మెరసిన యుంగరము. అది ఆంద్వారిదే. వీరుని చంపినది పాము కాదు, బంధువులు. పాముతో పోరునపుడు గుంట త్రవ్వి జాగ్రత్తపడినవాడు అత్తవారింట నిదురపోయెను.

ఈ కథనే 1200 ప్రాంతమున జర్మను దేశమున ఒక కవి వేరుగా చెప్పెను. ఆయన పేరు దొరకలేదు. నీబెలుంగుల గీతమను ఆ కావ్యమున 2,300కు పైగా పద్యములు కలవు. వీరుని పేరు అక్కడ సీగ్‌ఫ్రీడు. (19వ శతాబ్దమున వాగ్నరు ఈ కథలను కలిపి నాలుగు సంగీతరూపకములు చేసి 1876లో ఆడించెను. ప్రేమను త్యజించినవానికే బంగారము లొంగుననుట ఆయన కల్పన; పాతకవుల మాట కాదు.) జర్మను కావ్యమున నిధి దొరకిన విధము గమనింపదగినది. ఇద్దరన్నదమ్ములు తండ్రి నిధిని పంచిపెట్టుమని దారిన పోవు సీగ్‌ఫ్రీడును పిలిచి, కూలిగా ముందే కత్తి నిచ్చిరి. పండ్రెండు బండ్లు నాలుగు పగళ్ళు, నాలుగు రాత్రులు తోలవలసినంత రాశి అది. పంపకము తెగలేదు. కోపములు వచ్చెను. కూలిగా నిచ్చిన కత్తితోనే ఇద్దరును చచ్చిరి. నిధి మధ్యవర్తికి దక్కెను. పొలము పంపకములలోను, ఇండ్ల పంపకములలోను మధ్యవర్తులను చూచినవారికి ఈ ఘట్టమునకు వ్యాఖ్యానము అక్కరలేదు.

సీగ్‌ఫ్రీడు సర్పరక్తమున స్నానము చేసినందున ఆయుధము తగులని దేహము కలవాడు. భుజముల నడుమ ఆకు పడినచోట మాత్రము రక్తము తగులలేదు. భార్యయైన క్రీంహిల్డు, అన్నల ఆప్తుడైన హాగెనును నమ్మి, యుద్ధమున భర్తను కాపాడునని యెంచి, ఆ మర్మస్థానము తెలియునట్లు వస్త్రముపై గుర్తు కుట్టెను. వేటలో ఊటనీరు త్రాగుటకు వంగిన వీరుని హాగెను ఆ గుర్తుమీదనే ఈటెతో పొడిచెను.

ఇచ్చట ఒక చిక్కున్నది. భర్త చనిపోయిన తరువాత నిధి క్రీంహిల్డు చేతికి వచ్చెను. ఆమె దానిని పాతిపెట్టలేదు. పేదలకును, పరదేశపు యోధులకును ధారాళముగా పంచెను. లోభమే పాపమైనచో ఇక్కడ పాపము తీరవలసినది. కాని హాగెను ఆ దానమును చూచియే భయపడెను. ఇట్లు పంచినచో ఆమెకు సైన్యము సమకూరునని లెక్కించి, నిధిని దొంగిలించి రైను నదిలో ముంచెను. ఆయన భయము నిరాధారము కాదు. క్రీంహిల్డు చేతులు ఇచ్చుచుండెను గాని మనస్సు పగను కొనుచుండెను. చేతినుండి ధనము వెడలినంత మాత్రమున త్యాగమైపోదని కావ్యము గట్టిగా చెప్పుచున్నది. అన్నదానపు పలకలపై పేర్లు చెక్కించుకొనువారిని గూర్చి ఇచ్చట ముచ్చటింప పనిలేదు గాని, ఆ పోలిక తోపక మానదు.

కడపటి ఘట్టము మరింత దారుణము. హూణరాజును మారుమనువాడిన క్రీంహిల్డు, సంవత్సరముల తరువాత అన్నలను విందునకు పిలిపించెను. విందుశాల తగులబడినది. వచ్చినవారందరును చచ్చిరి. బంధింపబడిన హాగెనును నిధి యెక్కడయని ఆమె అడిగెను. నా ప్రభువులలో ఒక్కడు బ్రతికియున్నను చెప్పనని ఒట్టు పెట్టుకొంటినని అతడు బదులిచ్చెను. ఆమె తన అన్న తలనే నరికించి, జుట్టు పట్టుకొని తెచ్చి చూపెను. అప్పుడు హాగెను తృప్తితో, ఇక ఆ తావు దేవునకును తనకును తప్ప మరియెవరికిని తెలియదని చెప్పెను. ఆమె సీగ్‌ఫ్రీడు కత్తితోనే వాని తల తీసెను. ఆ దృశ్యము సహింపలేక ఒక ముసలియోధుడు ఆమెను నరికెను. పాత ఐస్లాండు కథలో ఈ మాటనే గున్నారు అను మరది, నిధి నడుగు హూణరాజుతో అనును. అక్కడ సోదరుని గుండెను కోసి తెచ్చి చూపిన తరువాత అనును. రెండు కథలలో పాత్రలు తారుమారైనవి. మాట మారలేదు. నిధి వలన ఇక తినునదిలేదు, కట్టునదిలేదు. అది నీటి అడుగున నున్నది. మిగిలినదెల్ల తానొక్కడే ఎరుగుదునను గర్వము. దానికి వెల సోదరుని గుండె. రైను ఇసుకలో బంగారపు రజను నిజముగనే కలదు. 19వ శతాబ్దము వరకు దానిని కడిగి జీవించిన పేదలుండిరి. నిబెలుంగుల నిధిని మాత్రము ఎవరును చూడలేదు.

ఇంతవరకు చెప్పిన వీరులు లోభులా? ఫాఫ్నిరు లోభి. రేగిను లోభి. కాని సిగుర్దు అట్టివాడని చెప్పుట కష్టము. హాగెను కూడ తనకై నిధిని ముట్టలేదు; ప్రభుభక్తియే వాని ధర్మము. లోభి ఒకడు, చచ్చువాడు మరియొకడు. వీరగాథలలో నిధి చేయు పని సాధారణముగ ఇట్లే యుండును. పెంపకము, పెండ్లి, ఉప్పు, ఒట్టు - ఏదో యొక త్రాటితో అది లోభము లేనివానిని కట్టి తన కాపలాకు నిలుపును.

మహాభారతమున దీనికి సాటిలేని నిదర్శనము కలదు. కురుక్షేత్రమున ఇరుసేనలు నిలిచినపుడు ధర్మరాజు కవచము విడిచి, ఆయుధములు దించి, కాలినడకను శత్రుసేనలోనికి పోయి భీష్మునకు నమస్కరించెను. భీష్ముడు ఆశీర్వదించి తన దైన్యమును దాచక చెప్పెను. మనుష్యుడు అర్థమునకు దాసుడే కాని అర్థము ఎవ్వనికిని దాసి కాదనియు, కౌరవులు తనను అర్థముతో కట్టివేసిరనియు ఆయన మాటల సారము. తరువాత ద్రోణుడు, కృపుడు, శల్యుడు ఒకరి తరువాత నొకరు అదే మాట చెప్పిరి. రాజ్యమునే తండ్రి పెండ్లికై విడిచిన భీష్మునకు లోభమెక్కడిది? ఆయన పెట్టెలో దాచుకొన్నదేమియు లేదు. అయినను అన్యాయమని తెలిసిన పక్షమున పదిరోజులు పోరి అంపశయ్యపై పడెను. తానాశపడక పోయినను, ఒకనాడు ధృతరాష్ట్రుని ఇంటి అన్నమును లెక్కకు తీసికొనెను. ఎవరి అన్నము, ఏ షరతుతో, ఎంతకాలమని ఆ లెక్కను తెగగొట్టలేదు. నలుగురు మహావీరులు ఒకే వాక్యమును వల్లించుట చూడగా వ్యాసుడు దీనిని యాదృచ్ఛికముగ పెట్టలేదని తోచును.

దుర్యోధనుని సంగతి వేరు. రాజసూయమున ధర్మరాజునకు వచ్చిన కానుకలను స్వీకరించుటకు నియుక్తుడైనవాడు అతడే. రత్నముల రాశిని అందుకొని అందుకొని చేతులు అలసిపోయెను, మనస్సు కాలిపోయెను. జూదము అక్కడ పుట్టినది. కడకు మడుగులో దాగియుండి, చెలికాండ్రును, తమ్ములును లేని ఈ భూమి నాకక్కరలేదు, నీవే ఏలుకొనుమని ధర్మరాజుతో అనెను. పదునెనిమిది రోజులకు ముందు సూదిమొన మోపినంత నేలనైన ఈయనన్నవాడు ఇతడే. భూమి అదే, కొలత అదే. దానిని చూపి గర్వించుటకు ఎదురుగా మనుష్యులు లేకపోయిరి.

ఇక లోభమును గాని, బంధమును గాని ఆరోపింప వీలులేని వీరుడొకడు కలడు. ప్రాచీన ఆంగ్లభాషలోని బేవుల్ఫు కావ్యమున 3,182 పంక్తులు కలవు. దాని వ్రాతప్రతి ఒక్కటే మిగిలినది. అది 1000వ సంవత్సర ప్రాంతమునాటిది. 1731 నాటి అగ్నిప్రమాదమున అంచులు కాలి బయటపడినది. అందు బేవుల్ఫు ఏబదియేండ్లు ప్రజల నేలిన ముసలిరాజు. నాశమైపోయిన ఒక జాతిలో కడపటివాడు తమవారి సొత్తునంతయు మట్టిదిబ్బలో దాచి చనిపోగా, దానిని మున్నూరేండ్లుగా ఒక ఘోరసర్పము కాచుచుండెను. యజమానికి వెరచి పారిపోయిన ఒక బానిస లోనికి దూరి, ఒక పాత్రను ఎత్తుకొనిపోయి, యజమానిని శాంతింపజేసెను. ఒక్క పాత్ర తగ్గినదని సర్పము దేశమును తగులబెట్టెను. రాజు పోరుటకు వెడలెను. వెంట వచ్చినవారు అడవిలోనికి పారిపోగా విగ్లాఫు ఒక్కడే నిలిచెను. సర్పము చచ్చెను; రాజును చావునకు సిద్ధమయ్యెను. అప్పుడాయన ఆ నిధిని ఒక్కసారి తెచ్చి చూపుమని కోరి, చూచి, తన ముసలిప్రాణము నిచ్చి ప్రజల అవసరమునకు దీనిని కొంటినని సంతోషించి కన్నుమూసెను.

ప్రజలేమి చేసిరి? నిధినంతయు రాజుతో పాటు తిరిగి దిబ్బలో పాతిరి. పూర్వమెట్లో ఇప్పుడును అట్లే అది మనుష్యులకు నిరుపయోగమై నేలలో నున్నదని కవి చెప్పుచున్నాడు. ప్రజలకు కావలసినది రాజు. రాజు లేని రాజ్యముపైకి పొరుగువారు వచ్చిపడుదురని అందరికిని తెలిసిపోయినది. ఆ సర్పమును దానిచోట దానిని పడియుండనిండని మేము చెప్పినను ప్రభువు వినలేదని విగ్లాఫు వాపోయెను. రాజు తన మేలుకై కాక జనుల మేలుకై ప్రాణమిచ్చెను. మనస్సు నిర్మలము. కాని జనులకు ఏది కావలెనని వారిని అడుగలేదు. బంగారమును చూచిన కంటికి అదియే వారి అవసరమని తోచెను. ఈ వీరునిపై దోషము మోపుట న్యాయము కాదు. అయినను ఆ దిబ్బ దగ్గర ఏడ్చిన స్త్రీ ఏడుపును కవి కావ్యాంతమున వినిపింపక మానలేదు.

అట్లయిన ధనమే వలదా, రాజ్యము బొక్కసము లేక నడచునా యని విజ్ఞులు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న సరియైనది. యుద్ధానంతరము ధర్మరాజున కెదురైన చిక్కు ఇదియే. బంధుహత్యాపాపము పోవుటకు అశ్వమేధము చేయుమని వ్యాసుడు చెప్పగా, బొక్కసము వట్టిపోయినదని, తండ్రులను పోగొట్టుకొన్న పసివారైన రాజులను పన్ను అడుగ నోరురాదని ధర్మరాజు చెప్పెను. పూర్వము మరుత్తచక్రవర్తి యజ్ఞమున మిగిలిన బంగారము హిమాలయమున పడియున్నదని వ్యాసుడు తెలిపెను. పాండవులు పోయి, ముందుగా శివుని పూజించి, భూతగణములకు బలులిచ్చి, ఆ మీదట త్రవ్విరి. (లింగమును పెకలించి త్రవ్వువారు ఈ క్రమమును గమనింతురు గాక.) యజ్ఞము అద్భుతముగ జరిగెను. అడిగినవారికి అడిగినంత ఈయబడెను.

అంతలో ఒక ముంగిస వచ్చెను. దాని శరీరమున సగము బంగారము. ఈ యజ్ఞము సక్తుప్రస్థుని పిండికి సరిరాదని అది సభలో మనుష్యభాషతో పలికెను. ఆశ్చర్యపడి అడిగిన బ్రాహ్మణులకు అది కథ చెప్పెను. ఆ కురుక్షేత్రముననే పూర్వమొక గృహస్థుడుండెను. కోతలైన పొలములలో రాలిన గింజలను ఏరుకొని, భార్యయు, కొడుకును, కోడలును తానును జీవించెడివాడు. కరవుకాలమున పలుపూటలు పస్తుండిన పిదప ఒకనాడు మానెడు యవలు దొరకెను. పేలపిండి చేసి నాలుగు భాగములు పెట్టుకొని తినబోవునంతలో అతిథి వచ్చెను. గృహస్థుడు తన భాగమిచ్చెను. అతిథి ఆకలి తీరలేదు. భార్య తనది ఇమ్మనెను. ఎముకలగూడైన ఆమె పాలు ఇచ్చుటకు భర్త వెనుదీసెను, ఆమె ఒప్పించెను. కొడుకు ఇచ్చెను. కోడలు ఇచ్చెను. ఆ చెదరిన పిండిలో పొరలిన ముంగిసకు సగము దేహము బంగారమయ్యెను. తక్కిన సగమునకై అది యజ్ఞశాలలన్నియు తిరుగుచుండెను. ధర్మరాజు యజ్ఞమునను కాలేదు.

పదునెనిమిది అక్షౌహిణుల చావు తరువాత, కావ్యము దాదాపు ముగియబోవుచు, అదే కురుక్షేత్రముపై ఏరిన మానెడు గింజలను తెచ్చి నిలుపుట చిన్న సాహసము కాదు. ధర్మరాజు తప్పు చేయలేదు. దానమున కొరత లేదు. కాని ఇచ్చినది ఇంకొకని మిగులు. ఎవరి యాకలి నుండియు తీసినది కాదు. సక్తుప్రస్థుని ఇంట మిగులే లేదు. మిగులు లేనిచోట కాపలాకు పాము రాదు.

అందరును గింజలేరుకొని బ్రతుకజాలరు. బొక్కసమును ఎవరో ఒకరు చూడవలసినదే. 12వ శతాబ్దమున కళ్యాణమున బిజ్జలుని భండారమును చూచినవాడు బసవేశ్వరుడు. ఆ ధనమును జంగములకు పంచుచున్నాడని రాజునకు కొండెములు చేరినట్లును, రాజు లెక్క చూపుమనగా పెట్టెలు తెరచి లెక్కించినపుడు ఒక్క మాడయు తరుగనట్లును పాల్కురికి సోమనాథుని బసవపురాణము చెప్పుచున్నది. భక్తులు దానిని మహిమగా చదువుదురు, చదువవలసినదే. దానితోపాటు మరియొకటి చూడవచ్చును. హాగెను తనకు తప్ప తెలియకుండుటకై ప్రభువు తలనే బలియిచ్చెను. కళ్యాణమున అనుమానము పుట్టిన దినముననే తాళములు తీయబడినవి, నలుగురి యెదుట లెక్క జరిగినది. తెరచి చూపు పెట్టెకు శాపము తగిలిన కథ ఏ దేశపు ఇతిహాసముననైనను కనబడదు.

ఆ కళ్యాణముననే ఆయ్దక్కి మారయ్య యుండెను. వీధులలో చెదరిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట ఆయన కాయకము. భార్య లక్కమ్మ వానిని వండి జంగములకు పెట్టి, మిగిలినది తాము భుజించుట వారి నియమము. మారయ్య కురుక్షేత్రపు గృహస్థునివలె కరవున చిక్కినవాడు కాడు. కోరినచో కళ్యాణమున అంతకంటె మేలైన పని దొరకెడిది. ఒకనాడు ఆయన ప్రతిదినముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. ఏ దురుద్దేశమును లేదు. వీధిలో ఎక్కువ పడియుండెను, ఎక్కువ ఏరెను. లక్కమ్మ మూటను చేతితో తూచి చూచి, ఈనాడు ఇంత యెందుకు వచ్చినదని అడిగెను. ఆశ రాజులకు గాని మనకేలయన్న భావమున మందలించి, మనకు నిత్యము చాలునంత తీసి తక్కినది తెచ్చినచోటనే పోసి రమ్మనెను. మారయ్య మాటాడలేదు. పొయ్యి ఇంకను రాజవేయలేదు. ఆయన మూట భుజముపై వేసికొని, వచ్చిన దారినే వెనుకకు నడచెను.